జిలాన్ బాషా తీసిన చేతులు

కళ్యాణదుర్గంలో జిలాన్ బాషా మూడుకాళ్ల కెమెరా భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాడంటే, ఎవరింట్లో ఏడుపు మొదలైందోనని జనం చెవులు రిక్కించేవాళ్లు. బతికుండగా ఫోటో తీయించుకుంటే ఆయుష్షు సగానికి సగం తెగిపోతుందని మా ఊళ్లో గట్టి నమ్మకం. అందుకే మనిషి పోయాకే అతన్ని పిలిచేవాళ్లు. శవాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, దండ వేసి, "రవ్వంత నవ్వుమొగం వచ్చేట్టు తియ్యప్పా" అని అడిగేవాళ్లు. అతను తీసిన పీనుగులన్నిటినీ వరుసగా పడుకోబెడితే మొదటిదాని తల కళ్యాణదుర్గంలోనూ, చివరిదాని కాళ్లు బెళుగుప్పలోనూ ఉంటాయి. ఊరు అతనికి పీనుగుల బాషా అని పేరు పెట్టేసింది. ఆ పేరుతోనే అతనికి ముప్పై ఏళ్లు దాటాయి, పిల్లనిచ్చేవాడు లేడు.

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో ఆ పేరు వదిలించుకునే దారి ఒకటి దొరికింది. అనంతపురం ఎగ్జిబిషన్‌లో ఫోటోలకు ఒక గది ఇస్తున్నారట. ఒకే విషయం మీద పన్నెండు ఫోటోలు పంపాలి. బావులు తవ్వే పన్నెండు మంది మొహాలు తీస్తానన్నాడు బాషా. అందరూ బతికున్నవాళ్లే! బళ్లారి నుంచి ఫోటో పడే గాజు పలకలు పదిహేను తెప్పించాడు. ఇంటి పెరట్లో సున్నం గోడకు తెల్ల దుప్పటి కట్టాడు. మొదటి మొహం సొంత బావ బాబావలిది. బెళుగుప్పలో బావులు తవ్వే మనిషి, నవ్వితే ముప్పై రెండు పళ్లూ కనిపిస్తాయి.

పన్నెండు రోజులకు బావి ఒడ్డు విరిగి బాబావలి మీద పడింది.

ఊరికి ఇంకేం కావాలి? మట్టి సంగతి ఎవరూ ఎత్తలేదు. కెమెరాయే మింగిందన్నారు. బాషా అక్క మస్తానాబీ ఇద్దత్ గడపడానికి పుట్టింటికి వచ్చింది. మొగుడు పోయిన మనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగవాడు ఆ ఇంట్లో అడుగు పెట్టకూడదు. ఎగ్జిబిషనేమో ఆ గడువు తీరడానికి వారం ముందే ఉంది.

ఇల్లంటే ఒక గది, ఒక పెరడు. మగవాళ్లను లోపలికి పిలవడానికి లేదు. సరే, వీధిలోనే తీద్దామని కెమెరా బయట నిలబెట్టాడు. ఎదురుగా వస్తున్న బావుల ఎర్రప్ప, ఆరడుగుల మనిషి, గడ్డపార కింద పడేసి ఊరవతల గుట్ట ఎక్కేదాకా ఆగలేదు.

"ఏమప్పా ఎర్రప్పన్నా, ఒక్క నిముషం నిలబడు!" అని బాషా వెనక పరిగెత్తాడు.

"నాకు ఇద్దరు పిల్లోళ్లుండారు రేయ్! నీ డబ్బా నీ ఇంట్లోనే పెట్టుకో!"

అతను తిరిగొచ్చి కెమెరా ఇంట్లో దించగానే, తల్లి దాదాబీ దాని మీద గోనెపట్టా కప్పి, పైన రోకలి పెట్టింది.

"ఈ ఇంట్లో ఇంగ ఒక్క మొగం గూడా ఈ డబ్బాలోకి పోకూడదు. అల్లున్ని మింగింది చాల్లేదా?"

బాషా అక్క వైపు చూశాడు. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది. వచ్చిన రోజు నుంచి తమ్ముడితో ఒక్క మాట మాట్లాడలేదు. అదే అతనికి అన్నం సహించకుండా చేసింది. ఊరు అనుకుంటే అనుకోనీ, అక్క కూడా అట్లే అనుకుంటోందా? అడగడానికి నోరు రాలేదు. రెండు నెలల్లో మనిషి ఎట్లా అయిపోయాడంటే, ఎండలో నిలబడితే నీడ కూడా పడేది కాదు.

మస్తానాబీని పలకరించడానికి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లు వస్తే బాషా బయట అరుగు మీదికి పోయేవాడు. ఒకరోజు పక్కింటి ముసలామె రామసుబ్బమ్మ వచ్చి, లోపలి నుంచే తలుపు సందులో చెయ్యి చాపి, అరుగు మీదున్న అతనికి నీళ్ల చెంబు అందించింది. అరచేతికి అడ్డంగా చేంతాడు ఒరిసిన గాడి, వేలు పెడితే దిగేంత. ఆ కరువులో నీళ్లు ఎంత లోతుకు పోయాయంటే, పొద్దున వదిలిన బిందె సాయంత్రానికి పైకి వచ్చేది. ఆ లోతంతా ఆ చేతిలో ఉంది.

బాషా లోపలికి పోయి తల్లి ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మొగం తీయను. చేతులు తీస్తా. చేతులొద్దని నువ్వు అనలేదు గదా?"

"ఆడోళ్ల చేతులు మగోడివి నువ్వెట్ల తీస్తావురా?"

దాదాబీ అన్నది నిజమే. అప్పుడు గోడ వైపు నుంచి మస్తానాబీ మాట వినిపించింది.

"ఆ డబ్బా కంటి మూత ఎట్ల తీసేది నాకు చూపించు. నువ్వు బయట కూసో, నేను తీస్తా."

బాషా అక్క పక్కకు వచ్చి కూర్చున్నాడు. "అక్కా, మరి బావను..."

"మీ బావను చంపింది మట్టిరా. మూడు దినాలు తవ్వితే గాని దొరకలేదు. నీ డబ్బాలో కాదు, బావిలో దొరికినాడు. చూపిస్తావా, లేదా?"

అట్లా మొదలైంది. దాదాబీ రోకలి తీసి పక్కన పెట్టింది. బాషా సున్నంతో నేల మీద గీత గీసి, గీత మీద స్టూలు వేసి, కెమెరా సరిచేసి, పలక ఎక్కించి అరుగు మీదికి పోయేవాడు. వచ్చినామె స్టూలు మీద చేతులు పెట్టేది. మస్తానాబీ మూత తీసి మూడు లెక్కపెట్టి మూసేది. మొదటి రెండు పలకలు వెలుగెక్కువై నల్లగా మాడిపోయాయి. మూడు అంకెల మధ్య ఆమె వచ్చినామె పిల్లల క్షేమం కూడా అడిగింది మరి. ఆ తర్వాత కుదిరింది. రామసుబ్బమ్మతో మొదలుపెట్టి పదకొండు మంది చేతులు వచ్చాయి. ఇంకా ఒక్క పలక మిగిలింది.

అప్పుడు రామసుబ్బమ్మకు జ్వరం వచ్చింది.

ఊరు ఊరంతా ఆమె వాకిట్లో నిలబడింది. గుట్ట దిగివచ్చిన ఎర్రప్ప అందరికంటే ముందున్నాడు.

"యా చెయ్యి తీసినాడో ఆ చేతినుంచే ఎక్కిందంట. మోచెయ్యి కాడికి నల్లగయ్యిందంట!"

"రెండు చేతులూ తీసినాడు గదప్పా?"

"అందుకే రెండు పక్కలా ఎక్కింది!"

మిగతా పది మంది ఆడవాళ్లు ఎవరికి వాళ్లు నాడి పట్టుకుని చూసుకున్నారు. ఒకామె తుమ్మితే ఆమె మొగుడు కెమెరా పగలగొడతానని గొడ్డలి తీసుకుని బయల్దేరాడు. దాదాబీ కెమెరా మీద మళ్లీ గోనెపట్టా కప్పి, గడపకు అడ్డంగా కూర్చుంది. పరాయి మగవాడు లోపలికి రాకూడదన్న కట్టడే ఆ రోజు కెమెరాను కాపాడింది.

ముసలామె పోతే తన బతుకు ఇక పీనుగుల దగ్గరే తెల్లవారుతుందని బాషాకు తెలుసు. మూడు రోజులు అరుగు దిగలేదు. పక్కింటి దగ్గు వినిపిస్తే ఊపిరి పీల్చేవాడు, వినిపించకపోతే బిగబట్టేవాడు. నాలుగో రోజు పొద్దున దగ్గు అసలు లేదు. ఎంతసేపు చెవి పెట్టినా లేదు. అతను మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు.

"ఏమిరా పీనుగుల బాషా, ఎవురికి ఏడుస్తాండావు?"

చంకలో బిందెతో రామసుబ్బమ్మ. బావి నుంచి వస్తోంది.

"అవ్వా, జ్వరం..."

"ఎండకు తిరిగితే రాదా? ఊరంతా నా వాకిట్లో నిలబడి నేనెప్పుడు పోతానా అని చూసినారు. ఒక్కరన్నా చుక్క నీళ్లు తెచ్చినారా? లెయ్, ఆ డబ్బా తియ్. నా మొగం తియ్. ఆ ఎర్రప్పకు చూపించాల!"

బాషా తల్లి వైపు చూశాడు. దాదాబీ లేచి కెమెరా దగ్గరికి వచ్చింది. ఆఖరికి గోనెపట్టా తనే తీసింది.

రామసుబ్బమ్మ తెల్ల దుప్పటి ముందు కూర్చుంది. పక్కన నిలబడిన మస్తానాబీ, గాజుల్లేని చెయ్యి ముసలామె భుజం మీద వేసింది. పన్నెండో ఫోటోలోకి ఒక మొహం, ఒక చెయ్యి. బాషా మూత పట్టుకున్నాడు.

"నేను లెక్కబెడతా, నువ్వు తియ్" అంది దాదాబీ. "ఒకటి... రెండు... రెండు... మూడు."

అతను కెమెరా సర్ది బయటికి వచ్చేసరికి, అరుగు మీద ఎర్రప్ప కూర్చుని ఉన్నాడు. మొహం కడుక్కున్నాడు, తలకు నూనె కారుతోంది, ఉతికిన పంచె కట్టాడు.

"ఏమప్పా, ముసిల్దానికి మొగం తీసినావంట. నాకు తీయవా?"

"మగోళ్లు లోపలికి రాకూడదన్నా. ఇద్దత్ తీరేకి ఇంగ తొమ్మిది దినాలుండాది."

"ఉండనీలేప్పా" అన్నాడు ఎర్రప్ప, కాళ్లు బార్లా చాపుకుంటూ. "వరసలో ముందు నేను. ఈడనే కూసుంటా."