సోడియంలా కనిపించిన లిథియం

అది 2019 వేసవి. విశాఖ ఫిషింగ్ హార్బరుకి కాస్త దూరంలో ఉన్న ఒక ఆసుపత్రి లేబొరేటరీలో బయోకెమిస్టుగా పనిచేస్తున్నాను. రక్తంలో ఏ రసాయనం ఎంత ఉందో కొలిచి చెప్పడం నా పని. మా నాన్నగారు తణుకు నుంచి స్టీల్‌ప్లాంట్ ఉద్యోగానికి వచ్చారు. నేను పుట్టి పెరిగిందంతా కూర్మన్నపాలెంలోనే. మా లేబ్ కిటికీలోంచి చూస్తే, దూరంగా లంగరేసిన ఓడలు నీళ్ళ మీద కాకుండా ఎండలో తేలుతున్నట్టు ఉండేవి. ఎన్నిసార్లు తుడిచినా కిటికీ గట్టు మీద పోర్టు ధూళి మళ్ళీ సన్నగా పరుచుకునేది.

మా దగ్గర పాతబడిన ఫ్లేమ్ ఫోటోమీటర్ ఒకటి ఉండేది. రక్తం గడ్డకట్టాక పైన తేలే సీరమ్‌ని పలచన చేసి తుంపరగా మంటలోకి పంపితే, అందులోని మూలకాలు తమ తమ రంగుల్లో వెలుగుతాయి. ఆ వెలుగుని బట్టి మోతాదు తెలుస్తుంది. సోడియం పసుపు, పొటాషియం లేత ఊదా, లిథియం కెంపు ఎరుపు. మధ్యాహ్నం పూట పరదా దించి ఆ చిన్న మంట ముందు కూర్చుంటే నేను ఎక్కడున్నానో కాసేపు మరిచిపోయేదాన్ని.

ఈ మూడూ పీరియాడిక్ టేబుల్ మొదటి నిలువు వరుసలోవే. గ్రూప్ 1, ఆల్కలీ లోహాలు. ప్రతిదానికీ బయటి కక్ష్యలో ఒకే ఒక్క ఎలక్ట్రాన్ ఉంటుంది. దాన్ని ఎవరికో ఒకరికి ఇచ్చేదాకా వాటికి స్థిమితం ఉండదు. నీళ్ళలో వేస్తే లిథియం బుసబుసమంటూ తేలుతుంది, సోడియం నీటి మీద పరుగులు తీస్తుంది, పొటాషియం ఊదా మంటతో అంటుకుంటుంది. కిందికి దిగేకొద్దీ దుడుకు ఎక్కువ. టేబుల్‌కి అటు చివర గ్రూప్ 17, హాలోజన్లు. వాటికి ఒక్క ఎలక్ట్రాన్ కొరత. ఇచ్చే సోడియం, పుచ్చుకునే క్లోరిన్ కలిస్తే మనం కూరలో వేసుకునే ఉప్పు. ఆ పక్కనే గ్రూప్ 18, ఇవ్వడమూ పుచ్చుకోవడమూ పట్టని వాయువులు.

నూకరాజు రక్తం ఒక రోజు ఉదయం మా లేబ్‌కి వచ్చింది. ఆయన బోటు మీద చేపల వేటకి వెళ్ళే మనిషి. నలభై దాటాయి. బైపోలార్ అనే మానసిక జబ్బుకి ఏళ్ళ తరబడి లిథియం మాత్రలు వాడుతున్నాడు. మనసు ఒకసారి ఆకాశానికి ఎగిరి, ఒకసారి పాతాళానికి జారిపోయే జబ్బు అది. లిథియం దాన్ని మధ్యలో నిలబెడుతుంది. కానీ మేలు చేసే మోతాదుకీ హాని చేసే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. అందుకే రక్తంలో ఎంత ఉందో అప్పుడప్పుడూ చూస్తుండాలి.

సీరమ్ మంటలోకి వెళ్ళింది. కంటికి సోడియం పసుపు ఒక్కటే కనిపిస్తుంది. దాని చాటున ఉన్న ఎరుపుని యంత్రంలోని ఫిల్టర్ వేరు చేసి కొలుస్తుంది. ఆ అంకె ఉండాల్సినదానికి రెండింతలు దాటింది.

నాకు ముందు ట్యూబు మీద అనుమానం వచ్చింది. ఆకుపచ్చ మూత ట్యూబుల్లో రక్తం గడ్డకట్టకుండా లిథియం హెపారిన్ పూసి ఉంటుంది. పొరపాటున అందులోకి తీస్తే, ట్యూబులోని లిథియమే మనిషి రక్తంలో ఉన్నట్టు చూపిస్తుంది. అందుకని ఏ మందూ పూయని ఎర్ర మూత ట్యూబు పట్టుకుని నేనే కిందికి వెళ్ళాను.

నూకరాజు బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళు వణుకుతున్నాయి. భార్య పైడమ్మ కొంచెం దూరంగా, మొహం తిప్పుకుని నిలబడింది.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"నేల ఊగతందమ్మా," అన్నాడు ముద్దముద్దగా. "ఈ రెండు నెల్లూ వేట నిషేధం కదా, బోటెక్కనేదు. అయినా కెరటం మీదున్నట్టే ఉంది. ఈ గోడలూ, మీరూ, అందరూ మెల్లగా ఎటో పోతన్నారు." అలా అంటూ నా వెనక ఏదో దూరపు తీరాన్ని చూస్తున్నట్టు చూశాడు. ఆ చూపులో భయం లేదు. అదే నన్ను భయపెట్టింది.

"తాగీసి ఊగతన్నాడమ్మా, ఇంకేటి!" అంది పైడమ్మ. "పదేళ్ళై ముట్టనేదు. ఇప్పుడు మళ్ళీ మొదలెట్టాడు. ఊరంతా సూత్తన్నారు. సరంగు ఇంటికొచ్చి, 'ఇలాగైతే నిషేధం ఎత్తేశాక బోటెక్కించుకోను బావా' అని మొహం మీదే సెప్పేశాడు."

సరంగంటే బోటు నడిపేవాడు. ఆయన ఎక్కించుకోకపోతే ఆ ఇంటికి వేట లేనట్టే.

రక్తం తీస్తున్నప్పుడు ఆయన ఊపిరి నా చెంపకి తగిలింది. సారా వాసన లేదు. రెండోసారి పరీక్షలోనూ లిథియం అంతే ఉంది. సోడియం మాత్రం బాగా తక్కువ. సైకియాట్రిస్టుకి ఫోన్ చేశాను. ఆవిడ వెంటనే వచ్చి నూకరాజుని పరీక్షించి వార్డులోకి పంపించారు. వాంతులు, విరేచనాలు ఏమైనా అయ్యాయా, కొత్త మాత్రలు ఏమైనా వేసుకున్నాడా అని అడిగారు. ఏవీ లేవంది పైడమ్మ.

"ఉప్పు సరిగ్గా తింటున్నాడామ్మా?" అని నేనడిగాను.

పైడమ్మ మొహంలో మొదటిసారి కాస్త వెలుగొచ్చింది. "ఉప్పే నేదమ్మా! బీపీ ఉంది, తగ్గించమన్నారు. నాను పూర్తిగా మానిపించీసినాను. గంజిలో కూడా ఎయ్యను. ఎండుసేపలు ఇంట్లోకే రానివ్వను. ఎండలో వలలు బాగుసేత్తాడు కదా, మంచినీళ్ళు మాత్రం బిందెలు తాగిత్తన్నాను."

డాక్టరుగారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

పైడమ్మకి నేనే చెప్పాను. "చెమటలో ఉప్పు పోయింది, తిండిలో రాలేదు. అప్పుడు కిడ్నీ సోడియాన్ని బయటికి పోనివ్వకుండా పట్టుకుంటుంది. లిథియం కూడా సోడియం కుటుంబంలోదే. ఒంట్లో రెండూ ఒకలాగే మసులుతాయి. సోడియం అనుకుని కిడ్నీ లిథియాన్ని కూడా పట్టుకుంది. బయటికి పోవలసిన మందు ఒంట్లోనే పేరుకుపోయింది. ఆయన తాగలేదమ్మా."

ఆమె వార్డు గుమ్మం దగ్గరికి వెళ్ళి, లోపలికి అడుగు పెట్టకుండా అక్కడే నిలబడిపోయింది.

మాత్రలు ఆపి సెలైన్ ఎక్కించారు. సెలైన్ అంటే ఉప్పునీళ్ళే. రోజూ ఆయన సీరమ్ నా మంటలోకి వచ్చేది. ఎరుపు తగ్గుతూ వచ్చింది. నేను వార్డుకి వెళ్ళినప్పుడల్లా, "ఇవాళ గోడ నిలబడింది," "ఇవాళ మంచం ఒడ్డుకొచ్చింది," అని చెప్పేవాడు. ఆ మాటలు వింటుంటే, ఒక మనిషి సముద్రం మీంచి చాలా నిదానంగా ఇంటికి నడిచి వస్తున్నట్టు ఉండేది.

డిశ్చార్జి ముందు పైడమ్మ మాత్రల డబ్బా చేతిలో పట్టుకుంది. "ఇది మందు కాదు, ఇసం. సముద్రంలో ఇసిరేత్తాను," అంది.

నూకరాజు దాన్ని మెల్లగా లాక్కున్నాడు. "వద్దే. ఇది నేని రోజుల్లో తెల్లార్లూ నిద్దరోకుండా పాడతా, ఒక్కణ్ణే ఈదుకుంటా పోయేవోణ్ణి. గుర్తునేదా? నన్ను నీ దగ్గర కట్టీసింది ఇదే."

డాక్టరుగారు మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టారు. ఉప్పు మానొద్దు, పెంచొద్దు, రోజూ ఒకేలా ఉండాలి అన్నారు. బీపీకి లిథియంతో సరిపడే మందు వేరే రాశారు. సరంగుని పిలిపించి ఆవిడే విషయం చెప్పారు. అతను తల దించుకుని విని, "రా బావా, నువ్వు నేకపోతే వల ఎవులు లాగుతారు?" అని నూకరాజు భుజం పట్టుకున్నాడు.

వెళ్ళేముందు పైడమ్మ ఒక్కతే లేబ్‌కి వచ్చింది. మంటని చాలాసేపు చూసింది.

"కిడ్నీ పోల్సుకోనేదంటే దానికి కళ్ళు నేవమ్మా," అంది చివరికి. "నాకున్నాయి కదా. పదైదేళ్ళు కాపరం సేశాను. నాను కూడా పోల్సుకోనేదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఒక గ్రూపులోని మూలకాలు ఎందులో ఒకలా ఉంటాయో కాలేజీలో చదువుకున్నాను. పోలిక చూసి నిర్ణయానికి వచ్చేస్తే ఒక మనిషికి ఏమవుతుందో ఆ భార్యాభర్తల దగ్గర తెలుసుకున్నాను. ఇప్పుడు బీచి రోడ్డులో ఎవరైనా తూలుతూ కనిపిస్తే నా నోటికి వెంటనే ఏ మాటా రాదు. ముందు పక్కకి వెళ్ళి, "ఏమైందండీ?" అని అడుగుతాను.