రంగశాల నేల మీద గీత పడకూడదని

మా కాలేజీ తన చరిత్రను పుస్తకంగా వేస్తోంది. రంగశాల ప్రారంభోత్సవం గురించి అప్పట్లో నేను రాసిన నివేదికను కూడా అందులో చేరుస్తారట. అందులో ఒక వాక్యం అబద్ధం: "వృద్ధాప్యం వల్ల కళాకారుని లయ తప్పింది."

అరవైల మొదట్లో విశ్వవిద్యాలయం మాకు ఆ రంగశాలను మంజూరు చేసింది. అది కరువు ఏడాది. ఊళ్లో జనం బిందెలతో బారులు తీరి ఉంటే, మా కొత్త గోడలు తడపడానికి మాత్రం రెండు పూటలా బండ్ల మీద నీళ్లు వచ్చేవి. గోడలు ఎండితే బీటలిస్తాయని ఇంజనీరు చెప్పాడు. మనుషుల సంగతి ఆయన్ని ఎవరూ అడగలేదు.

వేదిక మీద టేకు చెక్క పరిచి, ముఖం కనిపించేలా వార్నిష్ కొట్టారు. నేను కొత్తగా చేరిన లెక్చరర్ని, ప్రారంభోత్సవానికి కార్యదర్శిని. ఆ నేల మీద గీత పడకుండా కాపాడటమే కళాసేవ అనుకున్నాను.

మొదటి ప్రదర్శన తోలుబొమ్మలాట. శింగనమల దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన, ఆయన అల్లుడు వచ్చారు. ఆట బాగుంటే ఏటా ఒక నెల మా విద్యార్థులకు నేర్పడానికి ఆయన్ని పిలవాలని ప్రిన్సిపాల్ ఆలోచన. ఆ కబురు ఆయనకూ అందింది. కొత్త పంచె కట్టుకుని వచ్చాడు.

తెర వెనక ఆయన రెండు కొయ్య పలకలు పరుచుకున్నాడు. తెర మీద బొమ్మలు కొట్టుకునేటప్పుడు, చప్పుడు కోసం ఆ పలకలను కాళ్లతో దబదబా తొక్కుతారు.

"పెద్దాయనా, అవి వద్దు. నేల గీసుకుపోతాది," అన్నాను.

"పలకలు తొక్కకుంటే యుద్ధం యాడ జరుగుతాది అయివారూ? ఊరికే తోళ్లు ఊపినట్టుంటాది."

"బొమ్మలు బాగా ఆడిస్తే చాలు."

"దీన్ని ఆడేదానికి కట్టినారా, తుడుచుకునేదానికి కట్టినారా?"

అల్లుడు నవ్వాడు. "కాళ్లకు గోనెపట్ట చుట్టుకో మామా. రాక్షసుడు పిల్లి మాదిరి వస్తాడు."

నేను నవ్వలేదు. పలకలు తీయించి వరండాలో పెట్టించాను.

తెర మీద యుద్ధం మొదలైంది. చప్పుడు లేదు. అలవాటు కొద్దీ ఆయన కాలు లేచేది, నా మాట గుర్తొచ్చి గాల్లోనే ఆగేది. కాలు ఆగితే పాట తడబడేది, పాటతో పాటు చేతిలో బొమ్మా నిలిచిపోయేది. వెనక బెంచీలోంచి ఎవడో "ఏం తాతా, నిద్ర పోతాండావా?" అని అరిచాడు. హాలంతా నవ్వింది. ప్రిన్సిపాల్ గడియారం చూసుకున్నారు.

మరునాడు నివేదిక రాయడానికి కూర్చున్నాను. పలకల సంగతి రాస్తే తప్పు నాదవుతుంది. వయసు అని రాస్తే ఎవరిదీ కాదు. వయసు అనే రాశాను. ఆయన్ని మళ్లీ ఎవరూ పిలవలేదు.

రెండేళ్ల తర్వాత, నిజం చెప్పి వద్దామని ఆయన పల్లెకు పోయాను. ఆయన మంచం వాల్చి, వేయించిన శనక్కాయలు పెట్టించి, వచ్చిన వాళ్లందరికీ నన్ను చూపించాడు. "కాలేజీలో నాకు ఆట ఇప్పిచ్చిన అయివారు ఈయనే."

తర్వాత నా వైపు తిరిగాడు. "ఆ పొద్దే తెలిసిపోయె, నాకు వయసైపోయిందని. పనితనం ఉండేవానికి పలకలు లేకున్నా ఆట నిలబడాల. వచ్చినాక అన్నీ అల్లునికే ఇచ్చేసినా. మళ్లీ తెర వెనక్కి పోలేదు."

అప్పుడే చెప్పాల్సింది. శనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాను.

"ఇప్పుడేం ఆడుతాండారు ఆడ?" అని అడిగాడు.

ఆ హాల్లో పరీక్షలు రాయిస్తున్నాం. వేదిక మీదికి ఎవరూ ఎక్కకుండా తాడు కట్టాం.

"నాటకాలు," అన్నాను.

"మంచిది," అన్నాడాయన.

ఆయన పోయి చాలా కాలమైంది. ఆ సాయంత్రం ఆయన లయ తప్పలేదు, ఆయన కాళ్ల కింది పలకలు నేను తీసేశాను. ఇది రాసి ఒక ప్రతి కాలేజీకి, ఒక ప్రతి ఆయన అల్లుడికి పంపుతున్నాను. అల్లుడికి చదవడం రాదు. పల్లెలో ఎవరో ఒకరు అందరి ముందూ గట్టిగా చదివి వినిపించాలి.