ఆట కాదంటే నమ్మరు

టైర్ల కొట్టు పైగదిలో పరాయి భాష నేర్పే ఆవిడను అందరూ టీచరక్క అంటారు. ఒకప్పుడు నాటకాల్లో వేషాలు కట్టింది. నాటక సమాజం మూతపడ్డాక ఆ విద్యనే ఇటు మళ్లించింది. విదేశాల్లో హోటళ్ల పనికి వెళ్లబోయేవాళ్లు ఆమె దగ్గరికి వస్తారు. వాళ్లచేత వ్యాకరణం బట్టీ పట్టించదు. కథ చెబుతుంది, వేషాలు పంచుతుంది, ఆడిస్తుంది.

ఆటకు ఒకటే నియమం. ఆమె చప్పట్లు కొట్టేదాకా ఎవరి నోటా సొంత భాష రాకూడదు. మధ్యలో ఆమే వల వేస్తుంది. "అయ్యో, కింద ఎవరి బండో తోసుకుపోతున్నారు" అంటుంది, సొంత భాషలో. నమ్మి నోరు జారినవాళ్లు ఆ పూటకు మెట్ల మీద కూర్చోవాలి. నేర్చుకునేవాళ్లలో ఒక డ్రైవర్ ఉన్నాడు, అతనికి ఆ మెట్లు బాగా అలవాటు.

ఆ రోజు కథలో హోటల్ గదిలో అతిథికి ఒంట్లో బాగోలేదు. అతిథి టీచరక్క, గది చూసుకునే పనివాడు డ్రైవర్. ఆట మొదలయ్యాక కింద ఎవరో పాత రబ్బరు తగలబెట్టారు. పొగ కిటికీలోంచి లోపలికి వచ్చింది. టీచరక్కకు ఉబ్బసం ఉందని గదిలో ఎవరికీ తెలియదు. ఇన్‌హేలర్ తలుపు వెనక వేలాడే సంచిలో ఉంది. చప్పట్లు కొట్టబోయింది కానీ, కుర్చీ వదిలితే పడిపోయేలా ఉంది.

"నా సంచి ఇవ్వండి. ఇది ఆట కాదు," అంది సొంత భాషలో.

గదంతా గొల్లున నవ్వింది. ఈసారి మోసపోకూడదని డ్రైవర్ గట్టిగా అనుకున్నాడు. నడుం వంచి, నేర్చుకున్న భాషలో తప్పు లేకుండా అడిగాడు. "మీ సంచి ఏ రంగు, మేడమ్?"

ఆమె పెదవులు నీలంగా మారుతున్నాయి. వెనక బెంచీలో, నేర్చుకోవడానికి వచ్చిన ఒక వంటమనిషి ఆ నటనను మెచ్చుకుంటూ తల ఊపుతోంది. ఆటలోంచి తప్ప వేరే దారి లేదని టీచరక్కకు అర్థమైంది. మిగిలిన ఊపిరి కూడదీసుకుని పరాయి భాషలోనే "నలుపు" అంది. ఎక్కడుందని అడిగాడు. "తలుపు" అంది.

"ఇప్పుడే తెమ్మంటారా, కాసేపాగి తెమ్మంటారా?"

ఆ మర్యాద ఆమె నేర్పిందే.

"ఇప్పుడే."

తెచ్చి రెండు చేతులతో అందించాడు. ఆమె సంచిని నేల మీద బోర్లించి, ఇన్‌హేలర్ వెతుక్కుని నోట్లో పెట్టుకుంది. అప్పుడు ఆగాయి నవ్వులు.

ఆమెకు ఊపిరి మెల్లగా దారికి వచ్చింది.

"చెప్పొచ్చుగా అక్కా," అన్నాడు డ్రైవర్. గొంతులో భయం కంటే కోపమే ఎక్కువ.

"చెప్పాను కదయ్యా."

"మన భాషలో చెప్పారు. ఎట్లా నమ్ముతాం?"

ఆమె నేల మీద పడ్డవన్నీ సంచిలో సర్దుకుంది.

ఆటలు ఆగలేదు, నియమమూ మారలేదు. వల వేయడం మాత్రం ఆమె మానేసింది. ఇప్పుడు ఆటలో ఆమె దగ్గితే చాలు, డ్రైవర్ సొంత భాషలో "బానే ఉన్నారా అక్కా?" అని అడుగుతాడు. అడిగి, ఎవరూ పంపకుండానే మెట్ల మీదికి వెళ్లి కూర్చుంటాడు.