తీగ పీకేసిన టెర్మినల్

ఎక్కడైనా దెయ్యం ఉందంటే నేను ముందు ఫ్యూజు చూస్తాను. మాది గజపతినగరం, నాన్నది ఎలక్ట్రికల్ షాపు. ఇలాంటి కబుర్లకు మా ఇంట్లో నవ్వేవాళ్లమే.

అది 2014 ఎండాకాలం. విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో పాత టెర్మినళ్ల, అంటే పెద్ద కంప్యూటరుకు తీగతో కలిపిన తెరల, కనెక్షన్లు తీసేసే పని నాది. వాళ్ల మెయిన్‌ఫ్రేమ్, ఆ పెద్ద కంప్యూటరు, ఒక్కటే అయినా, దాని లోపల వేరువేరు కంప్యూటర్లలా చాలా వర్చువల్ మెషీన్లు నడిచేవి. పాత కార్మికుల రికార్డులున్న మెషీన్ ఆ ఆకుపచ్చ తెరల టెర్మినళ్లకు తప్ప తెరుచుకోదు. సాయంత్రం ఐదుకు ఆ టెర్మినళ్లన్నీ ఆపేస్తే ఆ రికార్డులు ఇక ఎవరికీ అందవు.

ఆ రోజే అప్పలనరసమ్మ వచ్చింది. మొగుడు మిల్లులో పనిచేస్తూ పోయాడు. అతని సర్వీసు రికార్డు దొరికితే కూతురికి ఉద్యోగం ఇస్తామన్నారు. కొత్త సిస్టమ్‌లో అతని పేరు ఎక్కలేదు. పాత దాని పాస్‌వర్డు ఆపరేటర్ సత్యం గారికి ఒక్కరికే తెలుసు. ఆయన చనిపోయి రెండేళ్లు.

"ముప్పయ్యేళ్లు ఈ మిల్లులోనే సేసినాడు బాబూ. పేరే నేదంటారేటి?" అంది. నా ప్రాణం ఉసూరుమంది.

మూడింటికి, కనెక్షన్లు తీసే ముందు ఆ పాత మెషీన్‌లో ఎవరు లాగిన్ అయి ఉన్నారో చూశాను. ఒకే ఒక్క పేరు, సత్యం గారిది. హాల్లో మూల టెర్మినల్ నుంచి!

ఆ టెర్మినల్‌ను మెయిన్‌ఫ్రేమ్‌కు కలిపే తీగ వారం కిందట నా చేతులతోనే పీకి చుట్టచుట్టాను. పైగా ముందురోజే మెయిన్‌ఫ్రేమ్ మొత్తం ఆపి మళ్లీ లేపాం. అలా చేశాక అంతకుముందు లాగిన్ అయినవాళ్లెవరూ లోపల మిగలరు.

పరుగున వెళ్లాను. తెర వెలుగుతోంది. దాని మీద అప్పలనరసమ్మ భర్త పేరు, టోకెన్ నంబరు, చేరిన తేదీ. వెనక చెయ్యి పెట్టి తడిమాను. తీగ లేదు.

కేకేస్తే మేనేజరు, ఆయన వెనకే అప్పలనరసమ్మ వచ్చారు. "ఎవుడు తెరిసినాడోయ్ దీన్ని?" అన్నాడు. ఆయనే ప్రతి అంకె కాగితం మీద రాసుకుని సంతకం పెట్టాడు.

అప్పలనరసమ్మకు చదువు రాదు. "మా ఆయన పేరేది బాబూ?" అంది. చూపించాను. ఆ అక్షరాల మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే నిలబడింది. ఆమె చెయ్యి తీశాక తెర ఆరిపోయింది.

తరువాత, ఎవరెప్పుడు లాగిన్ అయ్యారో నమోదయ్యే లాగ్ తీసి చూశాను. ఆ రోజంతా ఆ టెర్మినల్ నుంచి ఎవరూ లాగిన్ కాలేదని ఉంది.

ఆ కాగితం మీదే కూతురికి ఉద్యోగం వచ్చింది. నేనిప్పటికీ దెయ్యాల్ని నమ్మను. కానీ ఆ మూల గుర్తొస్తే నా చేతులు వాటంతటవే దణ్ణం పెడతాయి. ఎవరికో మాత్రం నాకు తెలియదు.