గుర్రం కొట్టంలో కరెంటు కారు

మా ముత్తాత పెంచలరెడ్డి గారు బతికినంతకాలం ఊరికి మునసబు. ఊళ్లో తగవు వస్తే కోర్టుకి కాదు, మా అరుగు దగ్గరికి వచ్చేవారు. మా తాత చెంగారెడ్డి గారికి సొంత గుర్రబ్బండి ఉండేది. కోట ఊరి నుంచి సముద్రం దాకా ఈ దారిలో గుర్రబ్బండి ఉన్న రైతు ఆయన ఒక్కరే. గుర్రం పేరు కస్తూరి. అది ముసలితనంతో మా కొట్టంలోనే ప్రాణం వదిలిందనీ, తూర్పు చేలో పసుపు గుడ్డ కప్పి పూడ్చారనీ మా నాన్న చెప్పేవాడు. నాన్న ఏ పదవీ చేయలేదు. కానీ ఏనాడూ ఇంకొకరి బండి వెనక సీటులో కూర్చోలేదు.

ఇది గొప్పకి చెప్పడం లేదు. ఇలాంటి ఇంట్లో పుట్టినవాడు దెయ్యాల కథలు చెప్పుకుంటూ తిరగడని తెలియడానికి చెబుతున్నాను. మా ఇంట్లో దెయ్యం అనే మాట పనివాళ్లు కూడా ప్రహరీ అవతలికి పోయి అనుకోవాల్సిందే. నాకూ ఆ నమ్మకం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, అంతే.

ఇప్పుడు మాకు మిగిలింది ఇంట్లో ముందు భాగం, పక్కన గుర్రం కొట్టం. పొలాల చుట్టూ రొయ్యల గుంటలు వచ్చి నేల ఉప్పు పట్టింది. మూడేళ్ల కిందట నెల్లూరులో ఒక పాత కరెంటు కారు కొన్నాను. కోటలో కాపురముండే నలుగురు టీచర్లను పొద్దున సముద్రం ఒడ్డున ఉన్న బడికి తీసుకెళతాను, సాయంత్రం తీసుకొస్తాను. వాళ్లిచ్చే దానితోనే ఇల్లు నడుస్తుంది. దాన్ని బాడుగ అని నేనెప్పుడూ అనలేదు. వాళ్లూ అనరు. "అన్న కార్లో పోతుండాం" అంటారు.

కారు గుర్రం కొట్టంలో పెడతాను. మా ఇంటి బండి వీధిలో నిలబడడం ఆనవాయితీ కాదు. కొట్టంలో ముందుగోడకి ఆనుకుని రాతి తొట్టి ఒకటి ఉంది, కస్తూరి నీళ్లు తాగినది. అది ఎండిపోయి ఎన్నేళ్లయిందో నాకు తెలియదు. ఛార్జింగ్ వైరు చుట్ట చుట్టి అందులోనే వేసేవాణ్ని. కారు ముక్కు సరిగ్గా ఆ తొట్టికి ఎదురుగా ఉంటుంది.

జూన్‌లో బళ్లు తెరిచిన రెండో వారంలో మొదలైంది. పొద్దున ట్రిప్పు అయ్యాక ఇంటికి వచ్చి, ఛార్జింగ్ పెట్టి, ఒంటిగంటకి తీసేశాను. మళ్లీ బడి వదిలే వేళకి బయల్దేరాలి. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో కొట్టంలో నుంచి చప్పుడు వచ్చింది. ముందు టక్, టక్ మని రెండు దెబ్బలు. తర్వాత ఇటుక మీద ఇనుము గీరినట్టు. ఆ తర్వాత పెద్ద ఊపిరి వదిలినట్టు బుస్సుమని గాలి.

వెళ్లి చూస్తే కారు ఆపే ఉంది. తాళం వేసే ఉంది. ముందు మూత కింద ఏదో తిరుగుతోంది. పావుగంట తర్వాత దానంతట అదే ఆగింది. తలుపు తీసి చూస్తే, ఒంటిగంటకి తొంభై రెండు ఉన్న ఛార్జింగ్ ఎనభై మూడు చూపించింది. కారు అంగుళం కదల్లేదు.

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. గోడ గడియారం చూసి రాసుకున్నాను. మూడున్నరకి అటూ ఇటూ ఐదు నిమిషాలు, అంతకు మించి తేడా లేదు.

కారు అమ్మినవాళ్లకి ఫోన్ చేశాను. తాళం కారుకి దగ్గర్లో ఉంటే కారు నిద్రపోదు, దూరంగా పెట్టండి అన్నారు. ఇందులో నా తప్పు నాకు కనిపించింది. మా ఇంట్లో తాళాలన్నీ తాత పటం కింద కొయ్యకి తగిలించడం అలవాటు. ఒకప్పుడు గుర్రం పగ్గాలు తగిలించిన కొయ్య అది. ఆ గోడకి అవతలే కొట్టం. తాళం తీసి వంటింట్లో బియ్యం డబ్బాలో పెట్టాను. మా ఆవిడ నవ్వింది. "మునసబు గారి మునిమనవడి కారు తాళం బియ్యంలోనా?" అంది. అయినా మూడున్నరకి చప్పుడు వచ్చింది. ఫోన్లో కారు యాప్ తీసేశాను. కారులో విడిగా ఉండే చిన్న బ్యాటరీని కోటలో చూపించాను, బాగుందన్నారు. చప్పుడు ఆగలేదు.

ఆ శుక్రవారం పొద్దున నుంచి కరెంటు సరిగ్గా లేదు. ఉన్న ఛార్జింగ్‌లో కొంత మూడున్నరకి పోయింది. చాలుతుందిలే అనుకుని వెళ్లాను. చాలలేదు. తిరుగు దారిలో రొయ్యల గుంటల మధ్య కట్ట మీద కారు ఆగిపోయింది. నలుగురు టీచర్లూ దిగి నిలబడ్డారు. మేత బస్తాలు దించి వస్తున్న ట్రాక్టరుకి తాడు కట్టి కోట దాకా లాగించాల్సి వచ్చింది.

ట్రాక్టరు తోలే అతను తాడు ముడి వేస్తూ, "ఏం రెడ్డిగారూ, కరెంటు కారుకి ఆఖరికి డీజిలే దిక్కయిందే!" అన్నాడు. దారి పొడుగునా నేను స్టీరింగు పట్టుకుని నిటారుగా కూర్చున్నాను. మా తాత బండి వెళ్లిన దారి అది.

టీచర్లలో పెద్ద సుజాత. దిగేటప్పుడు ఆమె చెప్పింది. "అన్నా, నీ మీద మాకేం కోపం లేదు. పొద్దున ఇట్టా ఆగిందనుకో, హెడ్మాస్టరు మాకు గైరుహాజరు ఏస్తాడు. వచ్చే వారం చూస్తాం. కుదరకపోతే ఆటో మాట్లాడుకుంటాం. ఏమనుకోబాక."

ఏమనుకుంటాను? న్యాయమైన మాట. వాళ్లు ఆటో మాట్లాడుకుంటే కారు అమ్మేయాలి. అమ్మేస్తే కొట్టం మళ్లీ ఖాళీ. ఆ రాత్రే నెల్లూరులో కరెంటు బళ్లు బాగుచేసే మస్తాన్‌కి ఫోన్ చేస్తే మంగళవారం వస్తానన్నాడు.

శనివారం మధ్యాహ్నం కొట్టం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మూడున్నర అయింది. టక్, టక్. తర్వాత గీరుడు.

అప్పుడు పోలమ్మ వచ్చింది. మా ఇంటి వెనక సందులో ఉంటుంది, ఎనభై దాటిన మనిషి. మా తాత దగ్గర గుర్రాన్ని చూసుకున్న చెంచయ్య కూతురు. చేతిలో బిందె నిండా నీళ్లు. నన్ను పలకరించకుండా నేరుగా కొట్టంలోకి నడిచింది. తొట్టిలోని ఛార్జింగ్ వైరు తీసి పక్కన పడేసింది.

"ఏయ్ పోలమ్మా, కరెంటు వైరది!" అని అరిచాను. వైరు గోడకి పెట్టి లేదు గానీ, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆమె తిరిగి చూడలేదు. బిందె వంచి తొట్టిలో నీళ్లు పోసింది.

"దానికి దాహమేస్తా ఉండాది అబ్బయ్యా," అంది. "వారం నుంచీ కాలు గీరతా ఉండాది. నీళ్ల తొట్టి ఎండబెట్టి దాంట్లో తాళ్లు ఏసుకుంటారా ఎవురైనా?"

చప్పుడు ఆగింది. నేను గడియారం చూశాను. మొదలై రెండు నిమిషాలు కూడా కాలేదు. అంతకు ముందు ఏ రోజూ పావుగంట లోపు ఆగలేదు. పోలమ్మ కారు మూత మీద అరచేయి పెట్టి కాసేపు నిలబడి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆదివారం చప్పుడు లేదు. సోమవారం లేదు. రెండు రోజులూ కొట్టంలో ఉన్నంతసేపు ఛార్జింగ్ ఒక్క గీత తగ్గలేదు. తొట్టిలో నీళ్లు మాత్రం రెండు వేళ్లు తగ్గాయి. ఎండలు మండిపోతున్నాయి కాబట్టి అది సాక్ష్యం కింద లెక్కపెట్టను.

మంగళవారం మస్తాన్ వచ్చాడు. నలభై దాటిన, మాట పొదుపైన మనిషి. పోలమ్మ సంగతి నేను అతనికి చెప్పలేదు, చెప్పే మాట కూడా కాదు. చిన్న యంత్రం ఒకటి కారుకి తగిలించి చూశాడు. తర్వాత ముందు మూత ఎత్తి, టార్చి వేసి, నవ్వాడు.

"ఏం లేద్సార్. దీనికి దాహం. నీళ్లకోసం అరస్తా ఉండాది."

నేను కుర్చీలో కూర్చున్నాను.

అతను చూపించాడు. బ్యాటరీని చల్లబరిచే నీళ్ల డబ్బా దాదాపు అడుగంటింది. గొట్టం దగ్గర బిగింపు వదులై, చుక్క చుక్కగా కారి, కింద ఇసుక నేలలో ఇంకిపోయింది. అందుకే మడుగు కనబడలేదు. కొట్టం పైన పెంకులు రెండు జారిపోయి ఉన్నాయి. మూడు దాటాక ఎండ ఆ సందులోంచి సరిగ్గా కారు ముక్కు మీద పడుతుంది. కారు వేడెక్కి, చల్లబడాలని తనంతట తానే మేలుకుంటుంది. టక్, టక్ మన్నది లోపలి స్విచ్చులు. గీరినట్టు వినపడింది నీళ్లు అందని మోటారు. బుస్సుమన్నది ఫ్యాను. చల్లబడదు కాబట్టి అన్నీ తిరుగుతూనే ఉండి ఛార్జింగ్ తినేస్తాయి.

అన్నిటికీ సమాధానం దొరికింది. నా ప్రాణం లేచి వచ్చింది. మనిషన్నవాడు ఇలాగే ఒక్కొక్కటీ విప్పి చూసుకోవాలి అనుకున్నాను.

కొత్త బిగింపు వేసి డబ్బా నింపుతూ మస్తాన్ అడిగాడు, "నిన్న కూడా అరిచిందా సార్?"

లేదన్నాను. శనివారం నుంచి లేదన్నాను.

అతను నింపడం ఆపాడు. "అట్టా కుదరదు సార్. ఈ మాత్రం నీళ్లతో అది ఊరికే ఉండదు. నిన్న, మొన్న ఎండ ఇంకా ఎక్కువ గదా?" మళ్లీ యంత్రం తగిలించి చూశాడు. శనివారం మధ్యాహ్నం దాకా రోజూ కారు మేలుకున్నట్టు అందులో ఉంది. ఆ తర్వాత లేదు. మస్తాన్ తొట్టిలోని నీళ్ల వైపు ఒకసారి చూశాడు. చేతులు తుడుచుకున్నాడు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది అది కూడా కాదు. అతను వెళ్లాక, పోలమ్మకి మంచి మాట చెబుదామని సందులోకి వెళ్లాను. ఆమె కోడలు గుమ్మంలో చేపలు తోముతోంది. "మీ అత్తది పాముచెవి. నాకంటే ముందు ఆమే పట్టుకుంది," అన్నాను.

కోడలు నన్ను వింతగా చూసింది. "ఏం రెడ్డిగారూ, ఎగతాళా? మా అత్తకి చెవులు పోయి పదేళ్లు దాటింది."

నాకు తెలిసిన సంగతే. ఊరందరికీ తెలుసు. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు మా కిటికీలు గడగడలాడతాయి. అప్పుడు కూడా పోలమ్మ వాకిట్లో కూర్చుని, అందరూ ఆకాశంకేసి ఎందుకు చూస్తున్నారని అడుగుతుంది. శనివారం నేను అరిచినా ఆమె తిరగకపోవడానికి కారణం అదే. ఈ మూడు రోజులూ నాకది తట్టనే లేదు.

ఆమె ముందు కూర్చుని నా చెవి చూపించాను, మా కొట్టం వైపు చూపించాను, చెయ్యి తిప్పాను. ఆమెకి అర్థమయింది.

"చెవులతోనా ఇనేది?" అంది. "అది కాలు గీరితే మా నాయన కూడు తినడు అబ్బయ్యా. మూడున్నరకి నీళ్లు చూపీకపోతే ఊరుకునేది కాదది. ఆ పొద్దు మాత్రం చూపీలేదు."

ఏ పొద్దు అని చేత్తోనే అడిగాను. ఆమె చెప్పింది. అప్పుడు ఆమెకి ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో. ఎవరో బయటివాళ్లు వచ్చి కొట్టం ముందు నిలబడ్డారు. ఊరివాళ్లు చేలనుంచి తిరిగి వచ్చేలోగా పని అయిపోవాలని మా తాత తొందరపెట్టారు. ఒక్క బిందె తాపించి పంపుతానని చెంచయ్య బతిమాలాడు. అక్కడికి పోయాక తాగుతుందిలే అన్నారట మా తాత. కస్తూరి తొట్టి దగ్గర కాలు గీరుతూనే ఉంది. పోలమ్మ బిందె నింపుకుని వచ్చేసరికి కొట్టం ఖాళీ.

"ఆ బిందె అట్టనే మిగిలిపోయింది," అంది పోలమ్మ. "మొన్న పోసినా. ఇంక నాకేం లేదు."

మర్నాడు పొద్దున కార్లో ఈ సంగతి టీచర్లకి చెప్పాను. తూర్పు చేలో పసుపు గుడ్డ సంగతి వాళ్లకి అదివరకు ఎన్నోసార్లు చెప్పి ఉన్నాను, అందుకని చెప్పాల్సి వచ్చింది. సుజాత కిటికీలోంచి రొయ్యల గుంటలు చూస్తూ, "పోన్లే అన్నా. ఇప్పుడు తాగతా ఉండాది గదా," అంది.

ఆటో మాట్లాడుకోలేదు వాళ్లు. ఆ తర్వాత కారు ఒక్కసారీ ఆగలేదు. ఈ ఏడాది వెనక సీటులో ఇంకో టీచరు సర్దుకుని కూర్చుంటోంది. జారిన పెంకులు సర్దించాను. ఛార్జింగ్ వైరుకి గోడకి మేకు కొట్టాను. మధ్యాహ్నం పూట తొట్టి నింపుతాను. ఎందుకని మస్తాన్ అడిగితే కొట్టం చల్లగా ఉంటుందని చెప్పాను, ఉంటుంది కూడా.

డబ్బా ఖాళీగా ఉన్న ఆ రెండు రోజులూ కారు ఎందుకు ఊరుకుందో నాకు తెలియదు. చెవుల్లేని మనిషి ఏం విన్నదో తెలియదు. దెయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను.

తెలిసింది ఒక్కటే, అది మా ఇంటి మనిషిగా నేనే రాసి పెట్టాలి. కస్తూరి మా కొట్టంలో చనిపోలేదు. మా తాత చెంగారెడ్డి గారు దాన్ని ఒక మధ్యాహ్నం అమ్మేశారు. బండీ, పగ్గాలూ కూడా దాంతోనే పోయాయి.