వాసన లేని వ్యాను

పాత బండ్లు అమ్మే చోటికి వెళ్లినవాళ్లు టైర్లు చూస్తారు, బానెట్ ఎత్తి చూస్తారు, ఎంత తిరిగిందో మీటరు చూస్తారు. నేను వెనక తలుపు తీసి, లోపలికి తల దూర్చి, వాసన చూసేవాణ్ణి. మదనపల్లెలో ఒక యార్డు ఆయన నీడలో కుర్చీ వేసుకుని నా వాలకం చూస్తూ కూర్చున్నాడు. మూడో బండి దగ్గరికి వచ్చేసరికి ఇక ఆపుకోలేకపోయాడు.

"ఏమప్పా, బండి కొనేదానికి వచ్చినావా, బిర్యానీ తినేదానికి వచ్చినావా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఈ మధ్య కోపం నా ముక్కు మీదే ఉంటోంది. "మందు డబ్బాలు మోసిన బండి ఇది. నాకొద్దు" అని తలుపు దభీమని వేశాను. అది నిజంగానే టమేటా తోటలకు పురుగుమందులు మోసిన బండి. ఎంత కడిగినా, ఎన్ని రంగులు పూసినా, ఎండలో తలుపు తీయగానే ఆ ఘాటు గొంతులోకి దిగుతుంది.

నాకీ వాసనల పిచ్చి ఊరికే పట్టలేదు. మాది చాకీ పని. పట్టుపురుగు గుడ్లను పొదిగించి, పిల్ల పురుగులకు లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి మేపి, రెండో జ్వరం దాటాక రైతులకు ఇస్తాం. జ్వరమంటే జబ్బు కాదు. పురుగు మేత మాని, పాత పొర విడిచే సమయాన్ని మా వైపు అలా అంటారు. మదనపల్లె పక్కనున్న మా షెడ్డు నుంచి పుంగనూరు, గంగవరం, వెంకటగిరికోట మీదుగా కుప్పం దాకా ఈ పసి పురుగులను ట్రేలలో పెట్టుకుని పొద్దున్నే వెళ్లాలి. ఎండ తగలకూడదు, గాలి ఆడాలి, ఏ వాసనా ఉండకూడదు. పురుగుమందు సంగతి సరే, అది చంపేస్తుంది. అగరొత్తి, సెంటు, పొగాకు, మల్లెపూలు, ఇవన్నీ నిజంగా ఎంత చెడుపు చేస్తాయో నేను తేల్చి చెప్పలేను. పురుగులు మేత ముట్టకపోతే మాత్రం మొదటి అనుమానం వాటి మీదికే పోతుంది. మా ఇళ్లలో ఆ పట్టింపు పాతది.

ఇన్నాళ్లూ అద్దె ఆటోలతో నెట్టుకొచ్చాను. పెద్ద వ్యానే కావాలని పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. అది యార్డుల్లో చెప్పుకునేది కాదు.

నా భార్య పోయి రెండేళ్లయింది. పిల్లలు లేరు మాకు. వారమంతా పనివాళ్లు, ఆకు బండ్లు, ఫోన్లు, వీటితో ఇల్లు ఎలాగో నడిచిపోతుంది. శనివారం సాయంత్రం పనివాళ్లు చేతులు కడుక్కుని వెళ్లిపోతారు. ఆదివారం మేత వేయడానికి ఇద్దరు ఆడవాళ్లు వస్తారు, వాళ్లకు నా అవసరం లేదు. ఆ రోజు ఇంట్లో ఒక్క గదిలోనూ నేను కుదురుగా కూర్చోలేను. టీవీ పెడతాను, ఆపేస్తాను. వంటింట్లోకి వెళ్లి ఎందుకొచ్చానో మరిచిపోతాను. చుట్టాల ఇళ్లకు వెళ్తే జాలిగా చూస్తారు, దానికంటే ఒంటరితనమే నయం. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. లోపల నిలబడగలిగేంత పెద్ద బండి ఒకటి కొనాలి. రోజూ పురుగులు, ఆదివారాలు నేను. శనివారం రాగానే ఆ ఇంటికి తాళం వేసి ఎక్కడో ఒక గుట్ట పక్కన బండి నిలుపుకుని, అందులోనే పడుకోవాలి. నిద్రపట్టే చోటు ఒకటి నాకు కావాలి. అంతే.

పుంగనూరులో రెండు వ్యాన్లు చూపించారు. ఒకటి చేపలు మోసింది, చెప్పే పనే లేదు. రెండోది తిరుమలకు భక్తులను తిప్పిన టెంపో. సీట్ల గుడ్డలకి, పైకప్పుకి, ఆఖరికి స్టీరింగుకి కూడా కర్పూరం, సాంబ్రాణి పట్టేశాయి. దేవుడి వాసనకు వంక పెడతావా అన్నట్టు చూశాడు దాని యజమాని. దేవుడికి నా మీద ఏం ప్రేమ ఉందో నాకు తెలుసు, ఆ మాట బయటికి అనకుండా వచ్చేశాను.

కుప్పంలో దొరికింది చివరికి. పసుపు రంగు వెలిసిపోయిన స్కూలు వ్యాను. తలుపు తీసి తల దూర్చాను. పప్పన్నం డబ్బాలు, కొబ్బరినూనె, చెక్కిన పెన్సిళ్లు. సీటు వెనక ఎవరో పిన్నుతో తన పేరు సగం గీకి, అయ్యవారు చూశాడేమో, వదిలేసినట్టుంది. ఆ వాసన కడిగితే పోతుంది. కడగక ముందు కాసేపు ఎక్కువే పీల్చాను.

అమ్మే ఆయన మంచివాడు. టీ తెప్పించాడు. "ఇంత పెద్ద బండి యాలప్పా నీకు? ఇంట్లో ఎంతమంది ఉండారు?" అని అడిగాడు.

"ఇద్దరం" అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలియదు. ఒక్కణ్ణే అంటే ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు, ఆ నిట్టూర్పు, ఆ 'అయ్యో' నేను పడలేను. ఒకసారి అనేశాక ఆ అబద్ధం నాతోనే పుంగనూరు వెల్డింగు షెడ్డుకి కూడా వచ్చింది. సీట్లు పీకించి, ఒక పక్క ట్రేలకు ర్యాకులు, ఇంకో పక్క మడిచి ఎత్తిపెట్టే మంచం వేయించడానికి బండిని అక్కడ పెట్టాను. వెల్డింగు చేసే అతను టేపు పట్టుకుని లోపలికి ఎక్కి, మంచం కొలత కోసం అడిగాడు.

"ఒకరికాన్నా, ఇద్దరికా? ఒకరికైతే ర్యాకులు ఇంకొక వరస పడతాయి. ఇద్దరికైతే ఆ వరస పోతాది."

పురుగుల పనివాడికి ఒక వరస ర్యాకులంటే చిన్న విషయం కాదు. బుద్ధి ఉన్నవాడెవడైనా ఒకరికే అంటాడు. నేను "ఇద్దరికి" అన్నాను.

"వదిన కూడా వస్తాదా నీతో గుట్టలెమ్మడి? నీది అదృష్టమన్నా. మా ఆడమనిషి పక్కూరికి రమ్మన్నా మోకాళ్ల నొప్పులంటాది" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వడానికి నాకెంత కష్టమైందో అతనికి తెలిసే దారి లేదు.

బండి తయారయ్యాక పూజ దగ్గర మళ్లీ గొడవ. కొత్తగా చేతికొచ్చిన బండికి పూజ చేయకుండా షెడ్డు నుంచి కదలనివ్వరు. అతను ముందద్దం దగ్గర అగరొత్తులు గుచ్చబోతే చేయి పట్టుకున్నాను. అతని భార్య మల్లెదండ తెచ్చింది, అదీ వద్దన్నాను. "పూలు లేకుండా పూజేందన్నా, మొండి పూజ!" అని ఆ అమ్మాయి మొహం మాడ్చుకుంది. నేనే బజారుకి పోయి కనకాంబరాల దండ తెచ్చి కట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బండి ముందుకి నడిపాను.

కనకాంబరాలకు వాసన ఉండదు. మా పెళ్లైన కొత్తలో మా ఆవిడకు మా అమ్మ చెప్పిన మొదటి సంగతి అది. షెడ్డులో పురుగులున్నన్ని రోజులూ ఆమె కనకాంబరాలే పెట్టుకుంది. మల్లెలంటే ఆమెకు ప్రాణం. షెడ్డు ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టిన ఆదివారం వస్తే, ఇద్దరం బస్సెక్కి పుంగనూరు పోయేవాళ్లం. స్టాండులో దిగీ దిగగానే ఆమె మల్లెలు కొనేది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఊరు ఇంకా రాకముందే జడలోంచి తీసి, కిటికీలోంచి బయటికి వేసేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నేనైతే రోజూ విసుక్కునేవాణ్ణి. ఎండలు ముదిరి పూలగంపలు రోడ్డు మీదికి వస్తే నేనిప్పుడు తల తిప్పుకుని పోతాను.

మొదటి శనివారం కుప్పం వైపు వెళ్లాను. మా దగ్గర పురుగులు తీసుకునే రైతు ఒకాయన తన పొలంలో నిలుపుకోమన్నాడు. "అడివి పక్కన మాత్రం పెట్టొద్దప్పా, ఏనుగులు దిగతాండాయి. మా షెడ్డు కాడ పెట్టుకో" అన్నాడు. కానుగ చెట్టు కింద నిలిపాను. స్టవ్వు బయటే పెట్టి ఉప్మా చేసుకున్నాను, పోపు వాసన లోపలికి పోకుండా. పొద్దు గుంకేటప్పుడు గుట్టల మీద వెలుగు బాగుంది. బాగుందని ఎవరితో అనాలి? రైతు ఇంటికి వెళ్లిపోయాడు. ఫోన్ తీసి ఎవరికైనా చేద్దామని పేర్లన్నీ పైకీ కిందికీ తోసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. దోమల చుట్ట వెలిగించే వీలు లేదు, దోమతెర కట్టుకుని మంచం వాల్చాను. అంత వెడల్పు మంచం మీద, గోడ వైపు ఆమెకు చోటు వదిలి, ఈ అంచున పడుకున్నాను. ఇంటిని తప్పించుకుందామని వచ్చి, ఇంట్లో పడుకున్నట్టే పడుకున్నానని తెలిసి ఏడుపొచ్చింది. ఏడ్చాను.

తెల్లవారి బండి రోడ్డెక్కించగానే ఒక ముసలావిడ చెయ్యెత్తింది. పక్కన పెద్ద పూలగంప, మీద తడిగుడ్డ.

"కుప్పానికేనా నాయనా? ఆటో ఎల్లిపోయె. ఎండెక్కితే పూలు వాడిపోతాయి. ఖాళీగానే పోతాండావు గదా, ఎక్కించుకో."

గుడ్డ కింద మల్లెలు, మరువం. నేను జవాబు చెప్పేలోపే ఆమె కళ్లు వెనక ర్యాకుల మీద పడ్డాయి. ట్రేలు గుర్తుపట్టింది.

"పురుగుల బండా? అట్లయితే వద్దులేప్పా. మేమూ మేపినోళ్లమే. పూలు పెడితే మళ్లా నీకు ఇబ్బంది. నువ్వు పో, నేను ఎట్నో వస్తా."

అని గంప మళ్లీ కింద పెట్టేసింది. ఇక నేను దర్జాగా వెళ్లిపోవచ్చు. మరునాడే గంగవరానికి పురుగులు తీసుకెళ్లాలి. ఆ వాసన పోవాలంటే బండిని కడిగి, రోజంతా తలుపులు తెరిచి ఎండబెట్టాలి. గేరు వేసి, మళ్లీ తీసి, దిగాను.

"ఎక్కమ్మా" అని గంప నేనే ఎత్తి మంచం మీద, గోడ వైపు పెట్టాను.

దారి పొడుగునా ఆమె ఏదో చెబుతూనే ఉంది, కోడలి గురించి, బోరు ఎండిపోవడం గురించి. నాకు సగమే వినపడింది. కిటికీలు తెరిచే ఉన్నా బండంతా మల్లెలే. కుప్పం మార్కెట్టు దగ్గర దిగి, గంపలోంచి ఒక మాల తీసి, తన మూరతో ధారాళంగా కొలిచి తెంపింది. వెనక మంచం వైపు ఒకసారి చూసింది.

"ఇంట్లో ఆయమ్మకు ఇయ్యి. పురుగులోళ్ల ఇండ్లల్లో ఆడోళ్లకు మల్లెపూల భాగ్యం తక్కువ. నాకు తెల్దా."

స్కూలు వ్యాను ఆయనకు చెప్పిన అబద్ధం, వెల్డింగు అతని దగ్గర నవ్విన నవ్వు, రెండూ నోటిదాకా వచ్చాయి. ఇద్దరం అనడం చాలా తేలిక.

"ఆమె లేదమ్మా" అన్నాను. "సచ్చిపోయింది. నేనొక్కణ్ణే."

చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంటుందనుకున్నాను. తీసుకోలేదు. 'అయ్యో' అని కూడా అనలేదు. పూలను నా పక్క సీటు మీద పెట్టింది.

"ఆయమ్మ కోసరమని తెంచినాను గదప్పా. ఇంక నేను మళ్లా గంపలో ఏసుకోను. ఇవి ఆయమ్మవే" అని గంప నెత్తికెత్తుకుని జనంలో కలిసిపోయింది.

కిటికీల అద్దాలన్నీ పూర్తిగా దించి బయలుదేరాను. గాలి ఆడితే వాసన పోతుంది, ఇంటికి చేరాక కడుక్కోవచ్చు, పూలు దారిలో ఎక్కడైనా వేసేయొచ్చు. వెంకటగిరికోట దాటాను, గంగవరం దాటాను. పుంగనూరు బస్టాండు ముందు బండి ఆగింది, బస్సులు అడ్డం వచ్చి. మా ఆవిడ మల్లెలు కొనే చోటు అది. పక్క సీటు వైపు చూశాను. ఎండకు మొగ్గలు విచ్చుకుంటున్నాయి.

పుంగనూరు దాటాక, మా ఊరికి ముందు, ఆమె జడలోంచి పూలు తీసేసే మలుపు వస్తుంది. ఆ మలుపు రాకముందే అద్దాలన్నీ పైకెత్తి మూసేశాను.

సోమవారం పొద్దున గంగవరం పురుగులను అద్దె ఆటోలో పంపాను.