తక్కెడగారి ఒకటి

దేశాలు తిరిగేవాళ్లను భాషలు తిప్పలు పెడతాయంటారు గానీ, అంకెలు పెట్టే తిప్పల ముందు అవెంత! యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసులో ఏ దేశపు మార్కులు మన లెక్కలో ఎన్నో తేల్చే ఉద్యోగిని అందరూ తక్కెడగారంటారు. ఒకచోట ఒకటి వస్తే అందరికన్నా ముందున్నట్టు, ఇంకోచోట అదే ఒకటి వస్తే తప్పినట్టు; మరోచోట ఇరవైకి పద్నాలుగు వస్తే ఇంటిల్లిపాదీ పొంగిపోతారు. కళ్లజోడు నుదుటిమీదికి తోసి, పెన్సిలుతో చెవి గోక్కుంటూ ఆయన అన్నీ తూస్తారు. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. నిన్న కూతురు ఎన్నాళ్లుగానో సాధన చేసిన పాట మొదటిసారి ఆయన ముందు పాడి, "ఎలా ఉంది నాన్నా?" అంటూ ఊపిరి బిగబట్టింది. ఆయన మైమరచి, "ఒకటి!" అన్నారు. పిల్ల ముఖం చిన్నబోయింది. గది తలుపు ధడాలుమంది.

"ఒకటే గొప్పయిన దేశం లెక్కలో చెప్పానే తల్లీ!"

"అయితే భోజనం కూడా ఆ దేశంలోనే చేయండి," అంది భార్య వంటింట్లోంచి.

తక్కెడగారు తలుపు ముందు చతికిలబడి, తనకు నచ్చిన చరణాన్ని శ్రుతి లేని గొంతుతో తిరిగి పాడారు. తలుపు ఓరగా తెరుచుకుంది.

"మీ పాటకి పద్నాలుగు," అంది కూతురు, నవ్వాపుకుంటూ.

"ఎన్ని మార్కులకి?" అని రోజంతా ఆఫీసుకొచ్చినవాళ్లను అడిగే మనిషికి, ఆ ఒక్కమాట ఇప్పుడు అడగడానికి ధైర్యం చాలలేదు.